దాజీ పేటలో నేసిన రేవు

మా మరిది అంబాదాస్‌కు మగ్గం గుంటలో కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కేవి. మూట భుజాన వేసుకుని ఊళ్లు తిరగమంటే మాత్రం అలుపన్నది తెలియదు. నేతగాళ్ల ఇంట్లో పుట్టి నేత అబ్బనివాణ్ణి ఏం చేస్తాం. మా ఆయన లింగయ్య నేసిన చద్దర్లూ చీరలూ వాడి చేతికిచ్చి అమ్ముకు రమ్మని పంపేవాళ్లం. మేముండే దాజీ పేటలో అలా తిరిగేవాళ్లంతా పండరపురం, బార్శీ, లాతూరు దారి పడితే, వీడు పడమటి కొండల ఘాట్లు దిగి ఎక్కడో సముద్రం ఒడ్డున శంఖవాడి అనే చేపలు పట్టేవాళ్ల ఊరు చూసుకున్నాడు. పోయేటప్పుడు మూట బరువుగా ఉండేది, వచ్చేటప్పుడు నోరు బరువుగా ఉండేది.

నేను కోడలిగా ఈ ఇంట్లో కాలు పెట్టినప్పుడు వాడికి ముక్కు తుడుచుకోవడం కూడా రాదు. పెంచింది నేను. కాబట్టి వాణ్ణి తిట్టే హక్కు మొదట నాది, ఆ తర్వాతే ఊరిది. ఎదురింటి పెంటప్ప మామ ఆ సంగతి మరిచిపోయినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఆంధ్రప్రదేశ్ అని కొత్త రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు మాట ఇది. కరీంనగర్ నుంచి వచ్చిన చుట్టాలు ఆ సంగతి గొప్పగా చెప్పి పోయారు. మేం ఉన్నది బొంబాయి రాష్ట్రంలో, సోలాపూర్‌లో. మాకు మగ్గం ఆడితే చాలు. మధ్యాహ్నం వంటపని కాగానే ఆడవాళ్లం మా అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. పెంటప్ప మామ కూతురు శాంత కూడా వచ్చేది. తల్లి లేని పిల్ల. చెయ్యి ఎంత చురుకంటే, నేను తునికాకు కత్తిరించేలోగా తను బీడీ చుట్టి దారం కట్టేసేది. అలాంటి పిల్ల, అంబాదాస్ గడపలో కూర్చుని శంఖవాడి కబుర్లు మొదలుపెట్టగానే ఆకు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయేది. నా కళ్లు చాట మీదే ఉంటాయి గానీ, నాకు కనపడనిదంటూ ఉండదు.

కబుర్లు కూడా అలాంటివే మరి. ఆ ఊళ్లో సముద్రం నడుమ ఒక కోట ఉందట. ఎవడో మరాఠా సర్దారు కట్టించాడట. రాళ్లు మోసేందుకు కూలీలు దొరక్క, చేపలకు పోయే ప్రతి పడవా పోతూ పోతూ ఒక రాయి అక్కడ దింపిపోవాలని హుకుం వేశాడట. అలా తాతలు మొదలుపెట్టిన కోటను మనవలు పూర్తి చేశారు. తర్వాత శత్రువులు ఓడలతో చుట్టుముట్టి, తాగను నీళ్లు లేక వాళ్లే బయటికొస్తారని కాచుకుని కూర్చుంటే, లోపలివాళ్లు గోడ మీదికెక్కి కడవల కొద్దీ మంచినీళ్లు కిందికి పారబోసి చూపించారట. కోట నడుమ తియ్యటి నీళ్ల బావి ఉందిలే. ఇప్పుడు ఆ బురుజుల మీద చేపలు ఎండబెడుతున్నారు, ఫిరంగులకు పడవలు కట్టేస్తున్నారు.

ఇంకోవైపు కొండకొమ్మున దీపస్తంభం. అది కట్టకముందు అక్కడొక ముసలామె ఉండేదట. పెనిమిటీ కొడుకూ ఒకే పడవలో పోయి రాలేదు. దారి తెలియక రాలేదేమోనని ఆమె రోజూ పొద్దుగూకగానే కొబ్బరి పీచు పోగేసి మంట వేసేది. ఆమె పోయాక ఊరి ఆడవాళ్లు వంతులు వేసుకుని ఆ మంట ఆరకుండా చూశారు. చివరికి తెల్లదొరలు వచ్చి ఆ బూడిద మీదే స్తంభం లేపి అద్దాల దీపం పెట్టారు. ఆ దీపం వెలిగిన మొదటి రోజు కూడా ఆడవాళ్లు పీచు గంపలు మోసుకొచ్చి పక్కనే మంట వేశారట, దొర దీపాన్ని నమ్మేదెట్లా అని. ఈ ముక్క నాకు నచ్చింది. నేనైనా అంతే చేసేదాన్ని.

రేవు మెట్ల పైన జలదేవి గుడి. ఆ దేవత వలలో పడ్డ రాయి. బరువని నీళ్లలోకి విసిరేస్తే మళ్లీ వలలోకే వచ్చిందట, ఈసారి వల నిండా చేపలు వెంటబెట్టుకుని. గుడి పక్కన ఒక పీరు దర్గా. హిందువైనా తురకైనా వలలో పడ్డ మొదటి చేప అక్కడ పెట్టాల్సిందే. పడవలు లోపలికొచ్చే దారిలో, కోటకు ఇవతల, నీళ్లలో నల్లటి బండ ఒకటి. దాని పేరు సాసు, అంటే అత్త. ఒళ్లు తెలియకుండా దగ్గరికి పోయినవాణ్ణి ఊరికే వదలదు కాబట్టి ఆ పేరు పెట్టారట. అది విని మా అరుగు మీద కోడళ్లందరూ నవ్వారు, అత్తలు మాత్రం ఆకులు కత్తిరించుకుంటూ ఉండిపోయారు.

ఇవన్నీ పెంటప్ప మామ చెవిన కూడా పడేవి. జకార్డు మగ్గానికి అట్టలు కొట్టడంలో పేటలో ఆయన తర్వాతే ఎవరైనా. గళ్ల కాగితం మీద పువ్వో నెమలో గీసి, ఆ గళ్ల ప్రకారం అట్టలకు చిల్లులు కొడతాడు. ఆ చిల్లుల లెక్కనే మగ్గం దారాలు లేపుతుంది, బట్ట మీద నెమలి లేస్తుంది. కంటికి కనపడి గడిలో పట్టినదాన్ని తప్ప ఇంకోదాన్ని నమ్మే మనిషి కాదు. సోలాపూర్ పొలిమేర దాటింది లేదు, దాటాల్సిన పని ఉందని ఒప్పుకున్నదీ లేదు. ఉప్పునీళ్ల నడుమ తియ్యటి బావి అనగానే ఆయన దృష్టిలో అంబాదాస్ అబద్ధాలకోరని తేలిపోయింది.

అసలు ముల్లు అక్కడే ఉంది. అంబాదాస్‌కు శాంతను అడుగుదామని నా మనసులో ఎప్పటినుంచో ఉంది, వాడి మనసులో అంతకు ముందు నుంచే ఉంది, శాంత మనసు ఆ చేతిలో ఆగిపోయిన ఆకే చెప్తోంది. మా ఆయనను పంపి అడిగించాను. పెంటప్ప మామ బొంబాయి దగ్గరి భీవండిలో పవర్‌లూమ్ నడిపే పిల్లవాడి సంబంధం వచ్చిందని, శ్రావణంలో వచ్చే నూలు పున్నంలోగా వాళ్లకు మాట ఇవ్వాలని చెప్పాడు. నేత రాకపోతే పోయె, నోట నిజం రానివాడికి పిల్లనెలా ఇస్తానని అంబాదాస్ వినేటట్టే అన్నాడు. ఆ పూట వాడు అన్నం ముట్టలేదు. మర్నాడు శాంత అరుగు మీదికి రాలేదు.

ఆ ఎండాకాలమే అంబాదాస్ శంఖవాడి నుంచి ఒక బేరం తెచ్చాడు. అక్కడ చేపలమ్మే ఆడవాళ్లకు పెద్దగా గంగుబాయి అని ఒకామె ఉంది. ఊళ్లో ఆమె మాటకు ఎదురు లేదు. శ్రావణ పున్నమి నాడు మేం నూలు పున్నం అని జంధ్యాలు మార్చుకుని మార్కండేయుని రథం తీస్తామా, అదే పున్నమి నాడు వాళ్లు సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చి, వానాకాలమంతా ఒడ్డున పడుకున్న పడవలను మళ్లీ నీళ్లలోకి దింపుతారు. ఆ పండక్కి జలదేవి వెనక కట్టేందుకు ఊరంతా కనపడేలా నేసిన పరదా కావాలని గంగుబాయి అడిగింది. ఆషాఢ ఏకాదశికి పండరపురం వస్తామని, అటునుంచి అటే సోలాపూర్ వచ్చి తీసుకుపోతామని చెప్పింది.

ఊరు గీసి అట్టలు కొట్టాల్సింది పెంటప్ప మామే. ఇంకెవరి వల్లా కాదు. అక్కడ నా బుర్ర పనిచేసింది. మా ఆయనతో కూడా చెప్పకుండా నేనే వీధి దాటి పోయాను.

"మామా, నువ్వు వాని మాట నమ్మకు. వాడు చెప్పినట్టు గీసియ్యి, మా ఆయన నేస్తడు. ఆ ఊరోళ్లే ఒచ్చి చూస్తరు గద. ఇది మా ఊరే అంటే పిల్లనియ్యి. కాదంటే భీవండికి కబురంపు, నేను మల్ల ఈ మాట ఎత్త."

ఆయన ఆకు వక్క నోట్లో వేసుకున్నాడు. నెమళ్లు కొట్టి కొట్టి ఆయనకు విసుగొచ్చిందని, ఊరు గీయడమనేసరికి చేతులు దురద పెడుతున్నాయని నాకు తెలుసు.

"ఖరే, అట్లనే," అన్నాడు. "గని ఆ మాట ఆ ఊరోళ్ల నోట్లకెళ్లే రావాలె. నీ నోట్లకెళ్లి గాదు."

అలా మొదలైంది. అంబాదాస్ రోజూ ఆయన పక్కన కూర్చుని చెప్పడం, ఆయన గళ్లు నింపడం. వీడు ఆ ఊరిని ఎప్పుడూ బస్సు ఆగే గుట్ట మీద నుంచి, లేదా రేవు వీధుల్లోంచి చూసినవాడే. పడవ ఎక్కమంటే కడుపులో తిప్పుతుంది. గుట్ట మీద నిలబడి సముద్రం వైపు చూస్తే కుడిచేతి వైపు దీపస్తంభం, ఎడమచేతి వైపు కోట, కోట దగ్గర సాసు బండ, నడుమ రేవు, గుడి, దర్గా. అంతవరకు మామ పేచీ పెట్టలేదు. సముద్రం దగ్గర తగాదా వచ్చింది. ఇళ్లు కింద, సముద్రం పైన గీయమన్నాడు అంబాదాస్. గుట్ట మీది నుంచి చూస్తే ఇళ్ల కప్పుల మీదుగా సముద్రం పైకి లేచినట్టే కనపడుతుందట. మామ పెన్సిలు కింద పెట్టేశాడు.

"నీళ్లు పల్లంల ఉంటయా, కప్పుల మీద ఉంటయా? నా చేతితోని గూడ అబద్ధం ఆడిస్తవేంది?"

అంబాదాస్ ఎంత చెప్పినా వినలేదు. సముద్రం అడుగున పెట్టి, అలల నడుమ కోటా బండా, ఆ పైన రేవు, గుడి, దర్గా, ఇళ్లు, అన్నిటికీ పైన గుట్ట గీశాడు. వాడి ముఖం చూస్తే జాలేసింది. కుడీ ఎడమలైనా నువ్వు చెప్పినట్టే ఉన్నాయి కదరా, చాల్లే అని నేనే సర్దిచెప్పాను. పిల్లనిచ్చే మామతో సముద్రం గురించి ఎంతని వాదిస్తాం.

అట్టలు కుట్టి మగ్గానికి ఎక్కించాక మా ఆయన నేత మొదలుపెట్టాడు. మొదట్లో గొణిగాడు. చద్దరు మీద పువ్వు వేసినంత సులువు కాదని, ఇన్ని నీలాలు ఎక్కడివని, పూటకు బెత్తెడు కూడా సాగడం లేదని. నాలుగు అలలు లేచేసరికి గొణుగుడు ఆగిపోయింది. అన్నానికి పిలిస్తే కోట గోడ అయ్యాక వస్తానన్నాడు. పేటలో వాళ్లు ఒక్కొక్కరే వచ్చి తొంగిచూసి పోయేవాళ్లు. శాంత మళ్లీ అరుగు మీదికి రావడం మొదలుపెట్టింది. దాహం వేస్తోందని లోపలికి పోయేది, మగ్గం దగ్గర నిలబడేది, నీళ్లు తాగకుండానే బయటికొచ్చేది. అత్తమామలు లేని ఇంట్లో పెద్దదాన్ని నేనే కనుక నేను చూడనట్టు ఊరుకున్నాను.

గంగుబాయి వాళ్లు పండరపురం చేరారని, రేపు వస్తున్నారని కబురొచ్చిన రోజున పరదా పూర్తయింది. మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టి, మా ఆయన బట్ట కోశాడు. అంబాదాస్ ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని తిరగేశాం.

నీలం కళ్లు చెదిరేలా ఉంది. అలలు అలల్లాగే ఉన్నాయి. కానీ అంబాదాస్ చేతిలోంచి కొస జారిపోయింది. దీపస్తంభం ఎడమచేతికి వచ్చింది. కోటా సాసు బండా కుడిచేతికి వచ్చాయి.

ఇలాంటి బొమ్మ బట్ట మగ్గం మీద బోర్లా పడుతుంది. మంచి ముఖం కిందికి, పోగులు వేలాడే వెనక భాగం పైకి. నేసేవాడికి కనపడేది వెనకే. అక్కడ అన్నీ చెప్పినట్టే కనపడ్డాయి, తిరగేస్తే అద్దంలో చూసినట్టు తారుమారయ్యాయి. అట్టలు కొట్టేటప్పుడే ఆ సంగతి చూసుకుని కుడిని ఎడమకు వేసి కొట్టాలి. కానీ మా పేటలో అందరూ నెమళ్లను ఎదురెదురుగా జంటగా నేసేవాళ్లే. పువ్వును ఎటు తిప్పినా పువ్వే. ఈ చేతికి ఇదే ఉండాలి, ఆ చేతికి అదే ఉండాలి అనే బొమ్మ ఇంతవరకు ఎవరూ నేయలేదు, ఆ ఆలోచన ఎవరికీ రాలేదు.

పెంటప్ప మామ అట్టలు తలకిందులుగా కట్టావని మా ఆయన మీద పడ్డాడు. నీ అట్టలే తప్పని మా ఆయన ఆయన మీద పడ్డాడు. ఇద్దరూ కాసేపు అరుచుకున్నారు. నడుమలో మామ ఒక అట్ట చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు, చూసి నోరు మూసుకున్నాడు. నేను గమనించాను. గమనించి, ఇప్పుడైనా ఒక మాట అంటాడేమోనని చూశాను. ఏమీ అనకుండా వీధి దాటి ఇంట్లోకి పోయాడు. ఈయన చేసిన తప్పుకు పిల్ల భీవండి పోతుందా అని నా రక్తం ఉడికింది.

వెనక భాగాన్నే ముందుకు కట్టి ఇద్దామా అంటే పోగులు మేక గడ్డంలా వేలాడుతున్నాయి. మళ్లీ నేసే వ్యవధి లేదు. చెప్పకుండా ఊరుకుందాం, గుడి ఉంది, కోట ఉంది, వాళ్లకు తెలియదులే అని నేనన్నాను. అంబాదాస్ మగ్గం గుంట అంచున కూర్చుని తల అడ్డంగా ఊపాడు.

"వదినా, ఆళ్లు మొదలు చూసేదే అది. దీపం ఎటు, సాసు ఎటు. ఆడ తప్పితే పడవ బండకు తగిలి పలుగుతది. నేనే చెప్తా తప్పయిందని."

ఎవరి తప్పని చెప్తావని అడిగాను. నాదేనని చెప్తానన్నాడు. వీధికవతల గడపలో పెంటప్ప మామ నిలబడి ఉన్నాడు. మా వీధి ఎంత వెడల్పు గనుక, ఆ మాట ఆయన విన్నాడు.

మర్నాడు పొద్దున గంగుబాయి దిగింది. మెడలో పండరపురం తులసిమాల, మోకాళ్ల పైకి గోచీ కట్టిన ఆకుపచ్చ చీర, సిగ నిండా పూలు. మనిషి నడిస్తే అరుగు అదిరింది. వెంట ఆమె పెనిమిటి రాజారాం. ఎర్రటోపీ పెట్టుకున్న పొడుగాటి ముసలాయన, పడవ నడిపే పెద్ద. మగ్గం ఇంట్లో గాలి ఆడదని అరుగు మీదే కూర్చుని, శాంత చుట్టిన బీడీ ఒకటి వెలిగించుకున్నాడు. వాళ్లు మాట్లాడేది కొంకణపు మరాఠీ. సగం మాకు తెలిసేది, సగం అంబాదాస్ చెప్పేవాడు. వాళ్ల మాటలు నేను మా తెలుగులోనే చెప్తున్నాను.

పరదాను దూలానికి కట్టాం. పెంటప్ప మామ వచ్చి గోడవారన కూర్చున్నాడు. శాంత వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. గంగుబాయి చూడగానే రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. గుడిని ముట్టుకుని దండం పెట్టింది. దర్గా జెండాను వేలితో నిమిరింది. తర్వాత తల ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచింది. ముఖంలో సంతోషం తగ్గిపోవడం నేను నిలబడి చూశాను.

"మంచిగ నేసిండ్రు," అంది చివరికి. "గని ఇది మా ఊరు గాదు. దీపం ఆ చేతికి ఉండాలె. పెండ్లయిన కాన్నుంచి దినాం రేవుల నిలబడ్డదాన్ని, నాకెరుక లేదా?"

అంబాదాస్ చేతులు జోడించి తప్పు తనదేనన్నాడు. పెంటప్ప మామ నేల చూపులు చూస్తున్నాడు. తలుపు దగ్గర శాంత చేతి గాజు కూడా కదల్లేదు. నాకు భీవండి బండి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డట్టే అనిపించింది. గంగుబాయి కళ్లు తుడుచుకుని, ఊళ్లోవాళ్లకు ఏం చెప్పాలో నువ్వే చెప్పమని పెనిమిటిని లోపలికి పిలిచింది.

రాజారాం తల వంచి లోపలికొచ్చాడు. పరదా ముందు నిలబడ్డాడు. కాసేపటికి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. తర్వాత, అంత పొడుగు మనిషి, మోకాళ్లు వంచి గొంతుక్కూర్చున్నాడు. అలలు ఆయన కళ్లకు సమానంగా వచ్చాయి. ఎడమ చెయ్యి దీపస్తంభం వైపు, కుడి చెయ్యి బండ వైపు చాపి, రెంటి నడుమ సందును చూశాడు.

"దీపం ఎడమ చేతికి, సాసు కుడి చేతికి. ఈ సందులకెళ్లే ఇంటికొస్తం," అన్నాడు. "ఇది మన ఊరే. నేను దినాం చూసే ఊరు."

గంగుబాయి ఒప్పుకోలేదు. ఊరు తనకు తెలియదా అని గట్టిగానే అడిగింది. ఆయన వెనక్కి తిరక్కుండానే జవాబు చెప్పాడు.

"నువ్వు సముద్రం దిక్కు చూసుకుంట నిలబడ్డవు. ఊరు నీ ఎనక ఉంటది. నేను ఎదురుంగ ఒస్త."

చేపల పడవలో ఆడవాళ్లు కాలు పెట్టకూడదని వాళ్ల కట్టు. ఆమె ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఊళ్లోనే పెళ్లాడి, ఆ ఊరిని నీళ్ల మీది నుంచి ఒక్కసారి కూడా చూడలేదు. మెల్లగా వచ్చి ఆయన పక్కన కూర్చుంది. అంత గొంతున్న మనిషి, నాకు వినపడీ వినపడనట్టు అడిగింది.

"దీంట్ల నేనేడ ఉంట?"

ఆయన గుడి కింద రేవు మెట్ల మీద వేలు పెట్టాడు.

"ఈడ. పొద్దుగూకినంక మొకాలు కానరావు. నీ చీర రంగు కానొస్తది. అది చూసినంకనే తెరచాప దించుత."

గంగుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ మెట్ల వైపే చూస్తూ ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. మా ఆయన కళ్లలో దుమ్ము పడిందని బయటికి పోయాడు.

అప్పుడు నాకు వెలిగింది. గుట్ట మీది నుంచి చూసిన ఊళ్లో సముద్రాన్ని కిందికి దించడం మామ చేసిన మొదటి తప్పు, కుడి ఎడమలు తారుమారు కావడం రెండోది. మొదటిది ఒక్కటే చేసి ఉంటే ఆ ఊరు ఎటునుంచి చూసినా తప్పే అయ్యేది. రెండూ చేశాడు కాబట్టి పడవలో ఇంటికొచ్చేవాడి కళ్లతో చూసినట్టు సరిగ్గా కుదిరింది. ఈ మాట పైకి అందామని నాలుక దాకా వచ్చింది గానీ, పిల్లను ఇంకా చేతిలో పెట్టలేదు కదా అని మింగేశాను.

గంగుబాయి లేచి నిలబడి, ఇది మా ఊరే, పెళ్లయిన ఇన్నేళ్లకు ఇప్పుడు చూశానంది. పెంటప్ప మామ కూడా లేచాడు. మా ఆయనను లోపలికి రమ్మని పిలిచి, అందరి ముందూ చెప్పాడు.

"లింగయ్యా, అట్టల తప్పు నాది. నిన్ననే ఎరుకైంది, నోరు రాలె. పిల్లగాడు నా పేరు చెప్పకుంట మీదేసుకుండు. అసొంటోడు అబద్ధమాడడు. శాంత మీ ఇంటి పిల్ల."

మా ఆయన ఆయన చేతులు పట్టుకున్నాడు. నేను వంటింట్లోకి పరుగెత్తి చక్కెర తెచ్చి అందరి నోళ్లలో పోశాను. సంగతేమిటో అంబాదాస్ తడబడుతూ చెప్తే విని, గంగుబాయి శాంత చెయ్యి పట్టుకుని పరదా దగ్గరికి లాక్కొచ్చింది. ఆ పిల్ల వేలిని రేవు మెట్ల మీద ఆనించింది. నీ మొగుడు కూడా తిరిగే మనిషే, వచ్చే వేళకు ఇలా ఎదురుగా నిలబడాలి బిడ్డా, అని బుద్ధి చెప్పింది.

శాంత వేలు వెనక్కి తీసుకుంది. తండ్రి ముందు గట్టిగా మాట్లాడి ఎరగని పిల్ల, తల వంచుకునే, గంగుబాయిని మరాఠీలో పిన్నీ అని పిలుస్తూ అంది.

"నేను నిలబడ మావశీ. నేను గూడ ఎంబడే పోత. చీరలు కొనేది ఆడోళ్లు గద, ఇప్పి చూపేటందుకు నేనుంట. ఆ ఊరు నేను కండ్లతోని చూడాలె."

నేను పెంటప్ప మామ వైపు చూశాను. ఇచ్చిన మాట మళ్లీ వెనక్కి తీసుకుంటాడేమోనని భయమేసింది. ఆయన కూతురినే చూస్తున్నాడు.

"దీని తల్లి గూడ గిట్లనే అడిగె," అన్నాడు. "ఈ మగ్గాలవతల ఏమున్నదో ఒక్కసారి చూపియ్యుమని. నేను నవ్విన."

తర్వాత అంబాదాస్ వైపు తిరిగాడు.

"నువ్వు తీస్కపో, బిడ్డా."

మా అంబాదాస్ శాంత పక్కకు పోయి, పరదా పైకొసన గుట్ట మీద వేలు పెట్టి, మనం బస్సు దిగేది ఇక్కడేనని చూపించాడు.